ఆరింటి సూది

తొమ్మిదో భాగం

పోయిన వారం రోజారాణిని మెట్ల కింది రికార్డు గదిలో కేస్ షీట్ల కుప్ప ముందు వదిలేసి వచ్చాం. మనం వారమంతా మన పనులు చూసుకున్నాం గానీ, ఆమె మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. ఇంకా అదే శుక్రవారం, అదే పొద్దు, పైన అదే ట్యూబులైటు.

మధ్యలో అందుకున్న వాళ్ల కోసం రెండు ముక్కలు చెబుతాను. అడవి అంచున ఉన్న ఆ యాభై పడకల సర్కారు దవాఖానాలో రోజారాణి ఆపరేషన్ థియేటర్ ఇన్‌చార్జి సిస్టర్. పదహారేళ్ల సర్వీసు. ఇల్లందు బొగ్గుబాయి కార్మికుడు బిక్షపతి కూతురు. పనిలో ఒకరి చేత మాట పడే మనిషి కాదు. అలాంటిది, గడిచిన ఎనిమిది నెలల్లో ముప్పై ఒక్క అపెండిక్స్ ఆపరేషన్లు జరిగితే ఆరుగురికి కుట్లు చీము పట్టాయి. ఒకరికో ఇద్దరికో అయితే ఎక్కడైనా జరిగేదే అనుకోవచ్చు. ఆరుగురంటే మాటలా! సర్జన్ ఉదయ్ భాస్కర్ గారు ఆమెను పిలిచి, "రోజా, ఈ శుక్రవారం థియేటర్లోకి రాకు. సుజాత చూసుకుంటుంది. తప్పెక్కడుందో కాగితాల్లో వెతుకు," అన్నారు. ఆయనది సత్తుపల్లి వైపు. కోపంలో కూడా మాట మెత్తగానే ఉంటుంది.

రోజారాణి అన్నింటినీ అనుమానించింది. పనిముట్లు ఉడకబెట్టే మిషను, ట్యాంకు నీళ్లు, కట్టుకట్టే గది, చివరికి కొత్తగా వచ్చిన ఆయమ్మ చేతి గాజులు కూడా. ఏదీ నిలబడలేదు. ఆఖరికి విసుగొచ్చి, ఎవరూ చూడని గడి ఒకటి చూసింది. కోత పెట్టిన టైము.

ఒక తెల్లకాగితం మీద ముప్పై ఒక్క పేర్లూ, వాటి పక్కన కోత టైములూ రాసుకుంది. మత్తు డాక్టరు ఖమ్మం నుంచి మంగళవారం, శుక్రవారం మాత్రమే వస్తాడు. ఎప్పుడైనా ముందురోజే వచ్చి గెస్ట్‌హౌస్‌లో పడుకుంటే ఏడున్నరకల్లా మొదటి కోత పడుతుంది. పొద్దున బయల్దేరి వస్తే పదవుతుంది, మధ్యలో రైల్వే గేటో లారీల జామో అడ్డం పడితే పదకొండు. చివరి కేసు ఒక్కోసారి రెండు దాటుతుంది. రోజారాణి గీత గీసి చూసుకుంది. తొమ్మిదిలోపు కోసినవాళ్లు పదకొండు మంది. వాళ్లలో ఒక్కరికీ చీము లేదు. తొమ్మిది దాటాక కోసినవాళ్లు ఇరవై మంది. ఆరుగురూ అందులోనే ఉన్నారు.

"దొరికింది!" అని పైకే అనేసింది. గదిలో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. పెద్ద చిక్కుముడి విప్పానన్న సంబరం ఓ నిమిషం ఉందేమో. ఆ తర్వాత ఆమె కళ్లు ప్రతి షీటు మీదా కుడిపక్కన ఉన్న ఎర్ర ముద్ర మీద పడ్డాయి. 'యాంటీబయాటిక్ ఇవ్వబడినది. ఉ. 6.00.' ముప్పై ఒక్కటికీ ఉంది. ఒక్కటి కూడా తప్పలేదు.

ఒక్కటీ తప్పిపోకుండా చూసింది ఎవరనుకున్నారు? రోజారాణే.

అపెండిక్స్ కోసేముందు ఒక సూది వేస్తారు. చీము పట్టాక తగ్గించడానికి వేసేది కాదు, అసలు పట్టకుండా వేసేది. ఎనిమిది నెలల కిందటిదాకా దాన్ని థియేటర్లో, బల్ల మీద పడుకోబెట్టాకే వేసేవాళ్లు. ఆ హడావుడిలో రెండుసార్లు మరిచిపోయారు. మరిచిపోయినవాళ్లలో ఒకరికి చీము పట్టింది. అప్పుడు రోజారాణి, "ఇగ మరిచిపోయే ముచ్చటే ఉండొద్దు," అని ఒక పద్ధతి పెట్టింది. ఆపరేషన్ రోజు వార్డులో పొద్దున ఆరింటికి అందరికీ సూదులు వేసే రౌండు ఉంటుంది కదా, ఆ రౌండులోనే ఈ సూదీ వేసెయ్యాలి, వేసినట్టు ముద్ర కొట్టాలి. ముద్ర లేని మనిషిని థియేటర్ గడప దాటనివ్వకూడదు. ముద్ర కూడా తనే చేయించుకొచ్చింది. నర్సుల దినం నాడు సూపరింటెండెంట్ గారు అందరి ముందూ శాలువా కప్పి, "నూటికి నూరు! ఇట్లా ఉండాలె పనంటే," అని మెచ్చుకున్నారు కూడా.

నూటికి నూరూ నిజమే. అందరికీ సూది పడింది. కానీ ఆ మందు ఒంట్లో రెండు గంటలకోసారి సగానికి సగం తగ్గిపోయే రకం. కోతకు ముందు గంటలోపు పడాలి. 'కోతకు ముందు వేయాలి' అని పుస్తకంలో ఉంది, ఆరింటికి వేస్తే ముందు వేసినట్టే కదా అనుకుంది. ఎంత ముందు అని తను అడగలేదు. పెద్దసార్లు కూడా ముద్ర చూసి తల ఊపారే తప్ప, టైము చూడలేదు.

నాయిన బిక్షపతి బాయిలో పనిచేసిన రోజుల్లో ఒక మాట అంటుండేవాడు. దిగిన ప్రతిసారీ పైకప్పును కర్రతో కొట్టి చప్పుడు వినాలట. పొద్దున విన్న చప్పుడు మధ్యాహ్నానికి పనికిరాదట. బువ్వ తిని మళ్లీ లోపలికి పోయినా మళ్లీ కొట్టాల్సిందేనట. ముప్పై ఏళ్లు అట్లా కొట్టి కొట్టి బతికి బయటపడ్డ మనిషి. తన కూతురు ఇట్లా చేసిందని తెలిస్తే ఏమంటాడు! రోజారాణికి ఏడుపు రాలేదు గానీ, సిగ్గుతో ముఖం మండినట్టయింది. 

గోడ గడియారం పదకొండు కొట్టింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, సార్‌కి చెప్పేద్దామని పైకెక్కింది. థియేటర్ ముందు స్ట్రెచర్ మీద రెండో కేసు మనిషి పడుకుని ఉన్నాడు. పేరు హరిలాల్, ఫారెస్టు వాచరు. ఇతనిదీ అపెండిక్సే. ఆమెను చూసి లేవబోయాడు.

"సిస్టరమ్మా, ఇయ్యాల నువ్వు లోపట ఉండవా ఏంది?"

"సుజాత సిస్టర్ ఉంటది. భయపడకు."

"భయమేంది, పులినే చూసిన," అని నవ్వాడు గానీ, స్ట్రెచర్ కడ్డీని మాత్రం వదల్లేదు. రోజారాణి దుప్పటి సర్ది, తలుపు దాకా వెళ్లింది. లోపల సార్ చేతులు కడుక్కుంటున్నారు. మొదటి కేసు బాగా ఆలస్యమైందేమో, ఎవరి మీదో విసుక్కుంటున్నారు. అందరి ముందూ ఎట్లా చెప్పడం? ఏమని మొదలుపెట్టడం? 'సార్, శాలువా కప్పిన పద్ధతే కొంప ముంచింది' అని చెప్పాలా? ఆపరేషన్లన్నీ అయిపోయాక నిమ్మళంగా కూర్చోబెట్టి చెబుదాంలే అనుకుని వెనక్కి తిరిగింది. మొదట కిందికి పోయి చాయ్ తాగింది. తర్వాత మళ్లీ రికార్డు గదికి వెళ్లి, లెక్క తప్పేమోనన్న ఆశతో రెండోసారి కూడా లెక్కపెట్టింది. తప్పలేదు. అట్లా చూస్తుండగానే ఒంటిగంటయింది.

ఇక కాళ్లు ఈడ్చుకుంటూ సర్జికల్ వార్డు వరండాలోకి వచ్చేసరికి, స్తంభానికి ఆనుకుని గోరి కనిపించింది.

గోరిని తలచుకుంటేనే రోజారాణి గుండె జల్లుమంటుంది. అశ్వారావుపేట మిల్లుకు పామాయిల్ గెలలు తోలే ట్రాక్టరు డ్రైవరు రాజేష్ తల్లి ఆమె. రాజేష్ ఆ ఆరుగురిలో ఆఖరివాడు, ఆపరేషనై పదకొండో రోజు. నాలుగో రోజున వాడు పథ్యం కూడు తినలేక, "యాడీ, జర పప్పన్నం పెట్టవే," అని తల్లిని బతిమాలాడు. కొడుకు అడిగాడు, తల్లి పెట్టింది. మర్నాడు కట్టు విప్పితే చీము కారింది. కట్టుకట్టే ఆయమ్మ కేకేస్తే రోజారాణి వచ్చి చూసి, "ఏం పెట్టినవ్? పప్పా? కుట్లున్నోనికి పప్పు పెడ్తరా ఎవరన్న? ఇగ చీము పట్టకేం చేస్తది!" అని పదిమంచాల వార్డూ వినేలా అరిచింది.

కుట్లున్న మనిషికి కందిపప్పు పెడితే చీము పడుతుందన్నది ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా వినిపించే మాటే. రోజారాణి కాన్పప్పుడు వాళ్లమ్మ అనంతమ్మ నలభై రోజులు ఎల్లిపాయ కారంతోనే గడిపించింది. నర్సింగ్ స్కూల్లో మూడేళ్లు చదివినా, ఆ ముక్క ఏ పుస్తకంలోనూ కనిపించకపోయినా, పుట్టింటి మాట నోట్లో అట్లాగే ఉండిపోయింది. ఆ రోజు ఆమె నర్సుగా కాదు, అనంతమ్మ కూతురుగా అరిచింది. కానీ విన్నవాళ్లకు మాత్రం అది సర్కారు దవాఖానా మాట.

ఆ రోజు నుంచి గోరి వార్డు గడప తొక్కలేదు. పొద్దున జావ, మధ్యాహ్నం బువ్వ తెచ్చి ఆయమ్మ చేతికిస్తుంది. కొడుకును ముట్టదు. తను ఒక్కపూటే తింటోంది. మొగుడు దేవ్‌సింగ్ ఆమెతో మాట్లాడ్డం మానేశాడు. రెండు బారల దూరంలో తువ్వాలు పరుచుకుని కూర్చుంటాడు.

రోజారాణి తల వంచుకుని దాటిపోబోయింది. దేవ్‌సింగ్ పిలిచాడు.

"సిస్టరమ్మా, జరాగు. మా పోరడు ఇంకెన్ని దినాలు ఉండాలె?"

"ఇంకో వారం అన్నా. జ్వరం తగ్గింది. లోపటి నుంచి కండ పడుతుంది. భయం లేదు."

"మంచిది. మా బామ్మర్ది లాలు మూడింటి బస్సుకు వస్తుండు. ఈమెను పుట్టింటికి తీస్కపోతడు. పోరడు ఇంటికొచ్చినంక గూడ ఈమె ఆడనే ఉంటది. తండల పెద్దమనుషులు గట్లనే అన్నరు. పత్యం తెల్వని తల్లి చేతికి రోగిని ఇయ్యొద్దన్నరు."

 గోరి చేతి గాజుల్ని ఒకటొకటిగా వెనక్కీ ముందుకీ జరుపుకుంటోంది. ఆమె పక్కన చిన్న గుడ్డసంచి అప్పటికే కట్టి ఉంది.

రోజారాణి ఓ క్షణం నిలబడింది. ఊరుకుంటే గడిచిపోతుంది. లాలు వస్తాడు, గోరి పోతుంది, చీము ఎందుకు పట్టిందో ఇంకెవరూ అడగరు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తన మీద తనకు అసహ్యమేసింది.

"పప్పుతోని కాదన్నా," అంది.

"ఏంది?"

"చీము పప్పుతోని పట్టలే. పప్పు తింటే చీము పట్టదు. నిజం చెప్పాలంటే కుట్లు మానాలంటే పప్పు తినాలె. బలం."

ఏడు రోజుల్లో మొదటిసారి గోరి తలెత్తి ఆమె ముఖంలోకి చూసింది. "నువ్వే అన్నవ్ కద సిస్టరమ్మా."

"అన్నక్కా. తప్పు మాట. నోరు జారి అన్న."

"నోరు జారినోళ్లు గట్ల గుడ్లురుమరు. వార్డువార్డంత ఇనంగ అన్నవ్. ఇయ్యాల మా అన్న వస్తుండని తెలిసి కాదంటున్నవ్. నా మీద జాలితోని అంటున్నవ్. నాకు తెల్వదా?"

"జాలితోని కాదు..."

"మరి దేనితోని పట్టింది? ఊకెనే పట్టదు కద. చెప్పు."

చెప్పడానికి అబద్ధాలు నాలుక చివర సిద్ధంగానే ఉన్నాయి. కొందరి ఒళ్లు అంతే అక్కా. చెమట పట్టిందేమో. నీళ్లు తగిలినయేమో. ఇన్నేళ్లలో ఎంతమందితో అనలేదు! కానీ వాటిలో ఏది చెప్పినా గోరి నమ్మదు. అసలు కారణం చేతిలో పెడితే తప్ప ఆమె ఆ పప్పును మరిచిపోదు. చచ్చేదాకా మోస్తుంది.

రోజారాణి వరండా గచ్చు మీద ఆమె ఎదురుగా కూర్చుంది. ఇన్‌చార్జి సిస్టర్ కింద కూర్చోవడం చూసి దేవ్‌సింగ్ తువ్వాలు మీంచి లేచాడు.

"అన్నా, మీది మక్కచేను కద? అడివి పందులు వస్తయా?"

"ఎందుకు రావు? చేను చేనే తొక్కిపోతయి."

"కావలి ఎప్పుడు పెడ్తరు?"

"అవి వచ్చే యాళ్లకు పెడ్తం. ఇదేం అడుగుడు?"

"గదే అన్నా. చీము చేసే పురుగులు లోపటికి పోయేది కడుపు కోసిన యాళ్లకే. గప్పుడు మందు నెత్తుర్ల కావలి ఉండాలె. అందుకనే కోసేముందు ఒక సూది ఏస్తం. ఆ మందు రెండు మూడు గంటలకంటె ఎక్కువ నిలవడది. మేం రాజేష్‌కు పొద్దుగాల ఆరింటికి ఏసినం. కోసింది పగటీలి రెండింటికి. అప్పటికి కావలోడు ఇంటికి పోయిండు. గందుకు పట్టింది చీము. అక్క పెట్టిన పప్పుతోని కాదు."

దేవ్‌సింగ్‌కి అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. "ఆరింటికి ఎయ్యమని ఎవరు చెప్పిన్రు?"

"నేనే."

"నువ్వా?"

"అవ్. నేను పెట్టిన పద్ధతే. మరిచిపోవద్దని పెట్టిన. గిట్లయితదని నాకు తెల్వలే. ఇయ్యాల కాగితాలు తీసి చూస్తే తెలిసింది. తప్పు నాది. మాట పడ్డది అక్క."

దేవ్‌సింగ్ గొంతు లేచింది. "ఏమమ్మా! తప్పు మీరు చేసి నింద నా ఇంటి ఆడదాని నెత్తిన ఏస్తరా? చదువుకున్నోళ్లని నమ్మి బిడ్డను మీ చేతుల పెడితే! తండల నా తల కొట్టేసినట్టయింది. ఎవలకు చెప్పుకోవాలె నేను? వారం దినాలు..." అంటూ ఉన్నట్టుండి ఆగిపోయాడు. వారం రోజులు గోరితో మాట్లాడకుండా ఉన్నది తనే. బామ్మర్దికి ఫోను చేసిందీ తనే. కేకలకు వార్డు కిటికీల్లోంచి నలుగురు తొంగి చూస్తున్నారు. ఒకతను ఫోను తీసి పట్టుకున్నాడు కూడా. రోజారాణి లేచి పోలేదు. తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ అన్నట్టు కూర్చుంది.

గోరి లంబాడీలో మొగుణ్ని రెండు మాటలు అంది. ఏమందో రోజారాణికి తెలియదు. దేవ్‌సింగ్ నోరు మూసుకుని మళ్లీ తువ్వాలు మీద కూలబడ్డాడు.

"సిస్టరమ్మా," అంది గోరి. గొంతులో కోపం స్పష్టంగా ఉంది. "నా కొడుకు జరంల యాడీ యాడీ అని పిలుస్తుంటె, ఈడ ఈ స్తంభం కాడ కూసోని ఇన్న. పోలే. నా చెయ్యి తగిల్తే ఇంకేమైతదో అని పోలే. ఆ ఒక్క మాట నువ్వు అనకుంటె పోయేదాన్ని."

"తెలుసక్కా."

"నీకేం తెల్వదు."

 రోజారాణికి కళ్లనీళ్లు వచ్చాయి. తుడుచుకోలేదు. గోరి కూడా ఊరడించలేదు, ఊరడించాలని ఎవరైనా అనుకుంటే అది అన్యాయం. ఆమె గుడ్డసంచి ముడి విప్పింది. అందులోంచి స్టీలు టిఫిను తీసుకుంది. మోకాళ్ల మీద చేతులూని లేచి, ఎవరి వైపూ చూడకుండా వార్డు గడప దాటింది.

మూడో మంచం మీద రాజేష్ కళ్లు మూసుకుని ఉన్నాడు. తల్లి అడుగుల చప్పుడు గుర్తుపట్టాడేమో, చటుక్కున తెరిచాడు. "యాడీ!" అన్నాడు. అంతకంటే ఏమనగలడు! గోరి వాడి నుదుటి మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి అలాగే ఉంచింది. గడపలో నిలబడ్డ దేవ్‌సింగ్ ముఖం పక్కకు తిప్పుకుని, జేబులోంచి ఫోను తీసి, "లాలూ, బస్సెక్కకు. ఏం లేదు, ఎక్కకు. నాదే తప్పు, మల్ల చెప్త," అన్నాడు.

రోజారాణికి గుండె మీంచి బండ దిగినట్టయింది. పూర్తిగా కాదు, కొంచెం. ఇక సార్‌కి కూడా చెప్పెయ్యగలననిపించింది. ఆపరేషన్లు అయ్యేదాకా ఇక్కడే ఉండి రాజేష్ కట్టు తనే మార్చాలని, కట్టు సామాను కోసం అటు తిరిగింది.

"సిస్టరమ్మా," అని వెనక నుంచి గోరి పిలిచింది. కొడుకు నుదుటి మీద చెయ్యి తియ్యకుండానే నాలుగో మంచం వైపు చూస్తోంది. ఆ మంచం ఖాళీగా ఉంది. దాని మీద మడిచిన చున్నీ, ఇంటర్ పుస్తకం ఒకటి ఉన్నాయి. "ఈ పిల్ల ఏది? భాను?"

"ఆపరేషన్‌కు తీస్కపోయిన్రు. ఆమెది ఆఖరి కేసు."

"కడుపుల ఇదే నొప్పి కద, మా రాజేష్ లెక్క?"

"అవ్. అదే."

"పొద్దుగాల సూదులేసే సిస్టర్ వచ్చినప్పుడు కిటికీలకెల్లి చూసిన. అప్పుడింక సక్కగ తెల్లారలే. పిల్ల సూదికి భయపడి వాళ్లమ్మ చెయ్యి పట్టుకున్నది." గోరి రోజారాణి వైపు తిరిగింది. "మరి ఆ పిల్ల కావలోడు ఉన్నడా, పోయిండా?"

రోజారాణికి ఆ ప్రశ్న అర్థం కావడానికి ఎంత సేపు పట్టిందో చెప్పలేను. ఎక్కువసేపు పట్టలేదు. వార్డు గోడ మీది గడియారం ఒంటిగంట ఇరవై రెండు చూపిస్తోంది.

పొద్దుటి నుంచీ తన తప్పు, తన సిగ్గు, సార్‌కి ఎట్లా చెప్పాలి, గోరికి ఎట్లా చెప్పాలి, ఇదే గోల. ఆ తప్పు ఇవాళ కూడా పొద్దున ఆరింటికి ముద్ర వేసుకుని మంచం మంచానికీ తిరిగిందన్న సంగతి, పదహారేళ్ల సర్వీసున్న సిస్టర్‌కి తట్టలేదు. చదువు రాని గోరికి తట్టింది.

రోజారాణి పరిగెత్తింది. వరండాలో జనం పక్కకు తప్పుకున్నారు. మెట్లు రెండేసి చొప్పున ఎక్కింది. థియేటర్ ముందు ఎర్ర గీత దగ్గర చెప్పులు విడవలేదు, తలకు టోపీ పెట్టలేదు. ఇంకెవరైనా అట్లా వస్తే చెడామడా తిట్టే మనిషి, లోపలి తలుపును భుజంతో నెట్టుకుని వెళ్లి గుమ్మంలో ఆగిపోయింది.

బల్ల మీద భాను. నడుము కిందికే మత్తు కాబట్టి పిల్ల మెలకువగానే ఉంది. మెడ దగ్గర అడ్డంగా కట్టిన పచ్చగుడ్డ అవతల ఏమీ కనపడక పైకప్పు చూస్తోంది. పొట్ట మీద అయోడిన్ పూశారు. సుజాత, సార్ చేతిలో కత్తి పెడుతోంది.

"ఆగండి సార్! కొయ్యకండి!"

ఉదయ్ భాస్కర్ గారు తలెత్తారు. మాస్కు పైన కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. "ఏంటి రోజా ఇది? చెప్పులతో వచ్చావేంటి?"

"సూది సార్. భానుకు సూది..."

"పొద్దున్నే ఇచ్చారుగా. ముద్ర ఉంది, చూశాను."

"ముద్ర ఉంది సార్, మందు లేదు. ఆరింటికి ఏసిన్రు. ఏడు గంటలు దాటింది. ఇప్పుడు పిల్ల ఒంట్లో అది ఉన్నా లేనట్టే. చీము పట్టిన ఆరుగురూ గిట్లనే సార్. అందరినీ తొమ్మిది దాటినంకనే కోసినం. ఆ పద్ధతి పెట్టింది నేను. తప్పు నాది."

ఒకే గుక్కలో చెప్పేసింది.  మత్తు డాక్టరు గడియారం వైపు చూశాడు. తను ఖమ్మం నుంచి ఎప్పుడు వచ్చాడో లెక్కేసుకుంటున్నాడని చూస్తేనే తెలుస్తోంది. ఉదయ్ భాస్కర్ గారు కత్తిని ట్రేలో పెట్టేశారు.

"సుజాతా, సెఫజోలిన్ రెండు గ్రాములు. ఇప్పుడే. వేసిన టైము పైకి చెప్పండి."

మత్తు డాక్టరు తనే సిరంజి అందుకున్నాడు. మందు మెల్లగా ఎక్కించి, "ఒంటిగంట ఇరవై ఎనిమిది," అన్నాడు. షీటు మీద అదే టైము రాశాడు.

"ఏమైంది మేడం?" అంది పచ్చగుడ్డ అవతల నుంచి భాను, బిక్కుబిక్కుమంటూ. "నాకేమన్న అయితదా?"

రోజారాణి ఆమె తల దగ్గరికి వెళ్లింది. "నీకేం కాదు బిడ్డా. ఇగ నీకేం కాదు," అంది. ఈ మాట ఇంత నమ్మకంగా అని ఎన్నాళ్లయిందో. మనసు తేలికపడింది. ఒక్క పిల్లనైనా ఆపగలిగాను అనుకుంది.

ఉదయ్ భాస్కర్ గారు చేతులు రెండూ ఎత్తి పట్టుకుని, మందు ఒంట్లో పాకేదాకా ఆగారు. ఆయన గొంతులో కోపం లేదు.

"కాగితాల్లో నీకిది ఎప్పుడు కనిపించింది రోజా?"

"పదకొండింటికి సార్."

 ఆయన, ఆపరేషన్ అయినవాళ్లను కాసేపు ఉంచే పక్కగది అద్దం వైపు చూశారు. అద్దం అవతల మంచం మీద, ఇంకా కాళ్లు కదపలేక, మెలకువగా పడుకుని ఉన్న హరిలాల్ ఆమెను చూసి నవ్వి, చెయ్యెత్తి దండం పెట్టాడు.

"అతనికి పదకొండున్నరకి కోత పెట్టాను," అన్నారు ఉదయ్ భాస్కర్ గారు.